దూరం ముందు, అపర్చర్ చివర: ప్రయాణాల్లో వీధి ఫొటోగ్రఫీకి తేలికపాటి ప్రైమ్ లెన్సులు

పొద్దున ఏడింటికి బస నుంచి బయల్దేరేటప్పుడు కెమెరా మెడలో ఉంటుంది. పదింటికి భుజానికి మారుతుంది. మధ్యాహ్నం దాటాక పట్టీ ఒరుసుకోవడం మొదలవుతుంది. మూడింటికల్లా కెమెరా సంచిలోకి వెళ్తుంది, జిప్పు పడుతుంది. ఆ తర్వాత ఎదురైన దృశ్యాలన్నీ కంటితో చూసి ఊరుకోవాల్సినవే. సంచి తెరిచి, కెమెరా బయటికి తీసి, మూత విప్పేంత వ్యవధి వీధిలో ఎవరూ ఇవ్వరు. గాలికి తిరగబడ్డ గొడుగును దాని యజమాని రెండు సెకన్లలో సరిచేసుకుని తన దారిన తను పోతాడు.

అందుకే ఇక్కడ బరువు అనేది భుజం నొప్పి దగ్గర ఆగిపోయే సంగతి కాదు, ఆ రోజు ఎన్ని ఫొటోలు దక్కుతాయో కూడా అదే నిర్ణయిస్తుంది. ఒక లెక్క చూస్తే అర్థమవుతుంది. సోనీ 24-70 ఎఫ్/2.8 జీఎం రెండో తరం జూమ్ లెన్స్ బరువు 695 గ్రాములు. అదే కంపెనీ ఏ7సీ 2 కెమెరా బాడీ బ్యాటరీ, కార్డుతో కలిపి 514 గ్రాములు, 40 మి.మీ. ఎఫ్/2.5 ప్రైమ్ (జూమ్ లేని, చూపు వెడల్పు మారని లెన్స్) 173 గ్రాములు. ఈ రెండూ కలిస్తే 687. అంటే కెమెరా, లెన్స్ జంటగా తూకానికి ఎక్కినా ఆ ఒక్క జూమ్‌తో సరితూగవు. పైగా జూమ్ బరువంతా ముందుకు వేలాడుతుంది. ఒంటి చేత్తో పట్టుకుని నడిచేవాళ్ల మణికట్టుకు గ్రాముల కన్నా ముందు తెలిసేది ఆ వేలాడటమే.

తేలికైన ప్రైమ్ మేలన్న మాట దగ్గర పెద్దగా పేచీ ఉండదు. ఏ ప్రైమ్ అన్న దగ్గరే చాలామంది తప్పు వైపు నుంచి మొదలుపెడతారు. ముందు అపర్చర్ చూస్తారు, అంటే కాంతి వచ్చే రంధ్రం ఎంత పెద్దదో; ఎఫ్/1.4 ఉందా 1.8 ఉందా అని (అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దది). తర్వాత షార్ప్‌నెస్ పరీక్షల ఫలితాలు చదువుతారు. ఫోకల్ లెంగ్త్ (చూపు ఎంత వెడల్పో చెప్పే మి.మీ. అంకె; తగ్గేకొద్దీ చూపు వెడల్పు) దగ్గరికి వచ్చేసరికి ‘ఏదో 35 లేదా 50’ అని సరిపెట్టుకుంటారు. వీధి ఫొటోలకు ఈ వరస తలకిందులుగా ఉండాలి. మనుషులకు ఎంత దూరంలో నిలబడి తీస్తారన్నది మొదట తేలాలి. లెన్స్ ఎంత పలచగా ఉండాలి, ఎంత త్వరగా ఫోకస్ చేయాలి అన్నవి ఆ తర్వాత. అపర్చర్ అన్నింటికన్నా ఆఖర్న.

ఎంత దూరంలో నిలబడతారు?

ఫుల్‌ఫ్రేమ్ కెమెరాల్లో బొమ్మ పడే సెన్సర్ వెడల్పు 36 మి.మీ., ఎత్తు 24 మి.మీ. దీన్నుంచి ఒక చక్కటి కొండగుర్తు దొరుకుతుంది: 35 మి.మీ. లెన్స్‌తో ఎంత దూరంలో నిలబడితే ఇంచుమించు అంత వెడల్పు ఫ్రేములోకి వస్తుంది. మూడు మీటర్ల దూరంలో ఉన్న గోడ మీద మూడు మీటర్ల మేర కనిపిస్తుంది. అదే చోట నిలబడి 28 వాడితే 3.9 మీటర్లు, 50 వాడితే 2.2 మీటర్లు.

ఇంకాస్త దగ్గరగా చూద్దాం. కెమెరాను అడ్డంగా పట్టుకుని, నిలబడ్డ మనిషిని తలపైన, కాళ్ల కింద కాస్త చోటు వదిలి, అంటే రెండు మీటర్ల ఎత్తు పట్టేలా తీయాలి. 28 మి.మీ.తో 2.3 మీటర్ల దూరం కావాలి. 35తో 2.9. 50తో 4.2. 85తో 7 మీటర్ల పైమాటే. ఈ నాలుగు అంకెల్లోనే వీధి లెన్సుల కథ చాలావరకు ఉంది. 2.3 మీటర్ల దగ్గర అవతలి మనిషికి మన ఉనికి తెలిసిపోతుంది, కళ్లు కలుస్తాయి, ఒక్కోసారి మాట కూడా కలుస్తుంది. 4.2 మీటర్ల దగ్గర మనం చూసేవాళ్లమే తప్ప అక్కడి సన్నివేశంలో భాగం కాము. పైగా రద్దీ వీధిలో ఆ నాలుగు మీటర్ల మధ్యలోంచి ఎవరో ఒకరు అడ్డంగా నడుస్తూనే ఉంటారు. మూడు మీటర్ల వెడల్పున్న సందులో అయితే అవతలి గోడకు వీపు ఆనించినా 50 మి.మీ.కి చోటు చాలదు.

ఏడు మీటర్ల అవతలి నుంచి 85తో తీసే ఫొటోల్లో మనుషులు అందంగానే వస్తారు. కానీ వాళ్ల చుట్టూ ఉన్న వీధి మసకైపోతుంది, ఏ ఊళ్లో తీసినా ఒక్కలాగే ఉంటాయి. అంత దూరం వెళ్లి వీధిని మసకచేసి తెచ్చుకోవడం ఎందుకన్నది అడగదగ్గ ప్రశ్నే.

ఇందులో ఒకటి గొప్ప, ఒకటి తక్కువ అని లేదు. ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియె బ్రెసన్ జీవితంలో ఎక్కువ భాగం 50తోనే పనిచేశాడు. ఆయన ఫ్రేముల్లోని తీరైన అమరికకు ఆ ఇరుకు చూపు సాయపడింది. అమెరికన్ వీధి ఫొటోగ్రాఫర్ గ్యారీ వినోగ్రాండ్ 28తో జనంలోకి దూరిపోయేవాడు. చెక్ ఫొటోగ్రాఫర్ జోసెఫ్ కౌడెల్కా రోమా (జిప్సీ) ప్రజల జీవితాన్ని 25 మి.మీ. లెన్స్‌తో, వాళ్ల గదుల్లోపల నిలబడి తీశాడు. ముగ్గురి లెన్సులూ తారుమారు చేసి ఇస్తే ముగ్గురూ ఇబ్బందిపడేవాళ్లు.

28తో ఒక చిక్కుంది. చూపు వెడల్పు గనక అక్కర్లేనివన్నీ ఫ్రేములోకి చొరబడతాయి: చెత్తబుట్ట, సగం తెగిన బండి, ఎవరిదో మోచెయ్యి. అంచుల్లో పడ్డ ముఖాలు సాగినట్టు వస్తాయి. ఫ్రేములోని నాలుగు మూలలనూ అరసెకనులో గమనించే అలవాటు ఉన్నవాళ్లకే 28 లొంగుతుంది. ఫోన్లలోని ప్రధాన కెమెరాలు దాదాపుగా 24-28 పరిధిలోనే ఉంటాయి కాబట్టి ఈ వెడల్పు అందరికీ పరిచయమే. కాకపోతే ఫోన్‌లో అలవాటైన చూపునే మళ్లీ కెమెరాకూ కొనుక్కోవాలా అన్నది ఆలోచించుకోవాలి. ఫోన్ జేబులో ఎలాగూ ఉంటుంది. అలాంటివాళ్లకు 35 గానీ 40 గానీ కొత్తగా ఏదో ఇస్తుంది.

40 గురించి ఒక మాట. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్‌కు మూల నుంచి మూలకు కొలత 43.3 మి.మీ. దానికి దగ్గరగా ఉండే ఫోకల్ లెంగ్త్ వెడల్పుగానూ, ఇరుగ్గానూ అనిపించదు. 35, 50 జోరులో చాలాకాలం ఇది మరుగునపడింది. ఇప్పుడు మళ్లీ వస్తోంది: నికాన్ జెడ్ 40 ఎఫ్/2, సోనీ 40 ఎఫ్/2.5, రీకో జీఆర్ 3ఎక్స్, చివరికి లైకా క్యూ3 43 కూడా. 35, 50 మధ్య ఎటూ తేల్చుకోలేక మీనమేషాలు లెక్కపెట్టేవాళ్లకు 40 నిజంగానే మంచి జవాబు.

చిన్న సెన్సర్లకు ఈ అంకెలు మారతాయి. ఫూజీ, సోనీ, నికాన్ ఏపీఎస్-సీ కెమెరాలైతే 1.5తో, మైక్రో ఫోర్ థర్డ్స్ అయితే 2తో గుణించాలి. ఫూజీ 27 మి.మీ. 40.5కు సమానం, 23 మి.మీ. 35కు సమానం; పానసోనిక్ 20 మి.మీ. అంటే 40.

పలచనితనం ఎక్కడి నుంచి వచ్చింది

అట్టులా పలచగా ఉంటాయని కొన్ని లెన్సులను పాన్‌కేక్ అంటారు. వాటిలో పాతవి గమనిస్తే ఒక వింత కనిపిస్తుంది: ఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) కాలంలో వచ్చిన పాన్‌కేక్‌లు చాలావరకు 40-45 మి.మీ. దగ్గరే గుమిగూడాయి. నికాన్ 45 మి.మీ. ఎఫ్/2.8పీ (2001) 120 గ్రాములు. కెనాన్ ఈఎఫ్ 40 మి.మీ. ఎఫ్/2.8 (2012) 130 గ్రాములు. ఇది కాకతాళీయం కాదు.

ఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్స్‌కూ ఫిల్ముకూ మధ్య అద్దం ఊగాలి. దానికోసం లెన్స్ మౌంటును (లెన్స్ బిగించే చోటును) దూరంగా జరిపారు: కెనాన్ ఈఎఫ్‌లో 44 మి.మీ., నికాన్ ఎఫ్‌లో 46.5. లెన్స్ ఫోకల్ లెంగ్త్ ఈ దూరానికి దగ్గరగా ఉంటే సాదా నిర్మాణం సరిపోతుంది. 1902లో జైస్ కంపెనీలో పాల్ రుడాల్ఫ్ రూపొందించిన టెసార్‌లో ఉన్నవి మూడు గుంపులుగా నాలుగు గాజు కటకాలే. నికాన్ 45 ఆ పద్ధతిదే. ఫోకల్ లెంగ్త్ 28కి తగ్గిందా, అద్దానికి చోటు వదలడం కోసం ముందువైపు కాంతిని విప్పార్చే గాజు అదనంగా పెట్టాలి. దాంతో లెన్స్ పొడుగవుతుంది, లావవుతుంది.

మిర్రర్‌లెస్ కెమెరాలు అద్దాన్ని తీసేశాయి. మౌంటు దూరం సోనీలో 18, నికాన్ జెడ్‌లో 16, కెనాన్ ఆర్‌ఎఫ్‌లో 20 మి.మీ.కి వచ్చింది. పలచటి వెడల్పు లెన్సులకు అప్పుడు దారి దొరికింది. 2023లో వచ్చిన నికాన్ జెడ్ 26 ఎఫ్/2.8 మందం 23.5 మి.మీ., బరువు 125 గ్రాములు. అదే ఏడాది వచ్చిన కెనాన్ ఆర్‌ఎఫ్ 28 ఎఫ్/2.8 మందం 24.7 మి.మీ., బరువు 120 గ్రాములు. ఇలాంటి లెన్స్ బిగించిన కెమెరా పెద్ద కోటు జేబులో పట్టేస్తుంది. ప్రయాణంలో దీని విలువ గ్రాముల్లో కనిపించేదానికన్నా ఎక్కువ, ఎందుకంటే చిన్న కెమెరాను చూసి మనుషులు భంగిమ మార్చుకోరు. చేంతాడంత లెన్స్ ఎత్తితే వీధి వీధంతా తిరిగి చూస్తుంది.

అయితే ఈ పలచనితనానికి ఏదో ఒకటి చెల్లించుకోవాలి. గాజు సెన్సర్‌కు మరీ దగ్గరగా ఉంటే మూలలకు కాంతి ఏటవాలుగా చేరుతుంది, మూలలు చీకటిపడతాయి. గీతలు వంగితే ఆ వంపును సరిచేసే పనిని కంపెనీలు సాఫ్ట్‌వేర్‌కు అప్పజెబుతున్నాయి. లెన్స్ పరీక్షల్లో వీటికి మార్కులు తెగ్గోస్తారు. వీధిలో తీసిన ఫొటో మూల కాస్త నల్లబడితే వచ్చే నష్టం మాత్రం శూన్యం. ఒక్కోసారి చూపు మధ్యలోకి చేరడానికి అదే సాయం చేస్తుంది.

పట్టించుకోవాల్సిన లోపం ఫోకస్‌లో ఉంది. చాలా పలచటి లెన్సుల్లో ఫోకస్ కోసం గాజు మొత్తం ముందుకూ వెనక్కూ కదులుతుంది. పెద్ద లెన్సుల్లో ఒక తేలికైన గుంపు మాత్రమే లోపల కదులుతుంది కాబట్టి అవి చురుగ్గా ఉంటాయి. 2009లో వచ్చిన పానసోనిక్ 20 మి.మీ. ఎఫ్/1.7 దీనికి మంచి ఉదాహరణ. 100 గ్రాముల ఆ చిన్న లెన్స్ తీసే బొమ్మను ఇప్పటికీ మెచ్చుకుంటారు, దాని ఫోకస్‌ను ఇప్పటికీ తిట్టుకుంటారు. మసక వెలుతురులో అది ముందుకీ వెనక్కీ వెతుక్కుంటూ ఉండగానే ఎదుటి మనిషి వీధి మలుపు తిరిగిపోతాడు. కొనేముందు షార్ప్‌నెస్ పటాల కన్నా ఈ ఒక్క సంగతి తెలుసుకుంటే ఎక్కువ మేలు.

వాన, దుమ్ము తట్టుకునే సీలింగ్ కూడా ఇలాంటిదే. ఫూజీ 27 ఎఫ్/2.8 మొదటిది (2013) 78 గ్రాములు. దానికి సీలింగ్ లేదు, అపర్చర్ రింగూ లేదు. 2021లో రెండూ చేర్చి మళ్లీ తెచ్చినప్పుడు బరువు 84 గ్రాములైంది. ఆరు గ్రాములకు ఇంత లాభం మరెక్కడా రాదు. కెమెరా ఆఫ్‌లో ఉన్నప్పుడే వేలితో ఎఫ్/8కి తిప్పుకుని సిద్ధంగా ఉండగలగడం చిన్న సంగతిలా కనిపిస్తుంది కానీ, నడుస్తూ తీసేవాళ్లకు అది చాలా పెద్ద సుఖం.

ఇక అపర్చర్

సోనీలోనే మూడు 35 మి.మీ. లెన్సులు పక్కపక్కన పెట్టి చూడండి. ఎఫ్/2.8ది 120 గ్రాములు. ఎఫ్/1.8ది 280. ఎఫ్/1.4 జీఎం 524. మొదటిదానికీ చివరిదానికీ వెలుతురులో తేడా రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు కాంతి రెట్టింపు). బరువులో తేడా నాలుగు రెట్లకు పైనే. ఆ రెండు స్టాపులు ఎప్పుడు అక్కరకొస్తాయన్నదే ప్రశ్న.

పగలు అస్సలు రావు. మంచి ఎండలో ఐఎస్ఓ (కాంతిని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 400, ఎఫ్/8 పెడితే షట్టర్ 1/1600 సెకను వస్తుంది. ఎఫ్/1.4 అనే అంకె ఆ పూటంతా లెన్స్ అంచున అలంకారంగా ఉండిపోతుంది. దీపాలు వెలిగాక కథ మారుతుంది. ఒక మోస్తరుగా వెలుగున్న వీధిలో ఎఫ్/2, 1/125కి ఐఎస్ఓ 3200 కావాల్సి వస్తే, ఎఫ్/2.8తో 6400కి వెళ్లాలి. పదిహేనేళ్ల కిందటి కెమెరాల్లో ఈ తేడా బొమ్మను గరుకుగా చేసి పాడుచేసేది. ఇప్పటి ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్లకు 6400 పెద్ద భారం కాదు. నలుపు తెలుపులో అయితే ఆ గరుకుదనం బాగుంటుంది కూడా.

చెయ్యి వణికినా బాడీలోని స్టెబిలైజేషన్ కాపాడుతుంది కదా అనిపించవచ్చు. అది మన చేతికి పనికొస్తుంది, ఎదుటివాళ్ల కాళ్లకు పనికిరాదు. మామూలుగా నడిచే మనిషి సెకనుకు దాదాపు 1.4 మీటర్లు కదులుతాడు. 1/60 సెకనులో అది 2.3 సెంటీమీటర్లు. 35 మి.మీ.తో మూడు మీటర్ల దూరం నుంచి, 24 మెగాపిక్సెళ్ల సెన్సర్ మీద, ఆ కదలిక దాదాపు 45 పిక్సెళ్ల మేర ముఖాన్ని చెరిపేస్తుంది. 1/250కి పదకొండు పిక్సెళ్లే. కాబట్టి రాత్రి వీధిలో షట్టర్ స్పీడ్ తగ్గించి గట్టెక్కుదామంటే కుదరదు. అపర్చర్ గానీ ఐఎస్ఓ గానీ ఆ బరువు మోయాలి.

అపర్చర్ తెరిస్తే మాత్రం మరో చోట తగ్గుతుంది. 35 మి.మీ. ఎఫ్/2 దగ్గర, రెండున్నర మీటర్లకు ఫోకస్ పెడితే స్పష్టంగా ఉండే లోతు 60 సెంటీమీటర్ల పైచిలుకు. ఇద్దరు మనుషులు ముందూ వెనకా నిలబడితే ఒకరే దక్కుతారు. ఎఫ్/1.4లో అది ఇంకా సన్నబడుతుంది. సన్నివేశంలో ముగ్గురి మధ్య ఏదో నడుస్తున్నప్పుడు ఒకరి కనురెప్పలు మాత్రమే స్పష్టంగా ఉన్న ఫొటో ఎవరికి కావాలి? ఎఫ్/2, ఎఫ్/2.8 మధ్య ఉన్న లెన్సులు వీధికి చాలు. సాయంత్రాలు, రాత్రులే ఎక్కువగా తీసేవాళ్లకు ఎఫ్/1.8 అర్థవంతం. ఎఫ్/1.4 వాళ్లకూ అక్కర్లేదు.

ఫోకస్ చేయకుండా తీయడం

తేలికపాటి వెడల్పు లెన్సులకు మరో సుగుణముంది. ఎఫ్/8 పెట్టి, ఫోకస్‌ను 2.5 మీటర్ల దగ్గర కట్టేసి, ఇక దాన్ని ముట్టుకోకుండా తీయవచ్చు. దీన్నే జోన్ ఫోకసింగ్ అంటారు. ఫుల్‌ఫ్రేమ్‌లో 28 మి.మీ.కి 1.4 మీటర్ల నుంచి దాదాపు 10 మీటర్ల దాకా అంతా స్పష్టంగా వస్తుంది. 35కి 1.7 నుంచి 4.9 దాకా. 50 దగ్గరికి వచ్చేసరికి 2 నుంచి 3.3 మీటర్లే మిగులుతుంది, అంటే ఒక పెద్ద అంగకు కాస్త ఎక్కువ. 28 వాడేవాళ్లు ఆటోఫోకస్ మోటారు నిదానాన్ని ఈ పద్ధతితో దాటేస్తారు. 50 వాడేవాళ్లకు ఆ దారి లేదు, మంచి ఆటోఫోకస్ ఉన్న లెన్సే తీసుకోవాలి.

చిక్కేమిటంటే ఇప్పటి ఆటోఫోకస్ లెన్సుల్లో చాలావాటి మీద దూరపు గీతలుండవు. రింగు తిప్పితే మోటారుకు సంకేతం వెళ్తుంది తప్ప రింగు ఎక్కడ ఆగిందో వేలికి తెలియదు. కెమెరా ఆపి మళ్లీ వేస్తే కొన్నింట్లో ఫోకస్ స్థానం మారిపోతుంది కూడా. ఈ పద్ధతి మీద మోజున్నవాళ్లు అందుకే దూరం గీతలు చెక్కిన మాన్యువల్ లెన్సుల వైపు వెళ్తారు. రీకో జీఆర్ కెమెరాల్లో స్నాప్ ఫోకస్ అని ఒకటుంది: దూరం ముందే ఎంచుకుని పెట్టుకుంటే, బటన్ ఒక్కసారిగా పూర్తిగా నొక్కగానే అదే దూరానికి ఫొటో పడిపోతుంది.

ఒకటా, రెండా

ప్రయాణానికి రెండు లెన్సులు పట్టుకెళ్లేవాళ్ల ఫొటోలు తిరగేస్తే చాలాసార్లు తొమ్మిదొంతులు ఒకదానితోనే తీసినవి ఉంటాయి. వీధి మధ్యలో లెన్స్ మార్చడమంటే సెన్సర్‌ను దుమ్ముకు అప్పగించడం, పైగా ఆ అరనిమిషం రెండు చేతులూ కట్టేసుకోవడం. రెండోది తప్పదనుకుంటే మొదటిదానికి బాగా ఎడంగా ఉండాలి: 28కి 50, 35కి 85 లాగా. 35తోపాటు 50 తీసుకెళ్లడం వల్ల ఒరిగేది తక్కువ, నాలుగడుగులు ముందుకేస్తే వచ్చేదే అది. అప్పుడు కూడా ఆ రెండింట్లో ఆ రోజుకు ఒకదాన్ని పొద్దున బయల్దేరేముందు ఎంచుకుని, మరొకటి గదిలోనే వదిలేయడం ఉత్తమం.

క్రాప్ చేసుకోవచ్చు కదా అనేవాళ్లకు లెక్క ఇది. 28తో తీసినదాన్ని 35 చూపుకు కోస్తే 64 శాతం పిక్సెళ్లు మిగులుతాయి, 24 మెగాపిక్సెళ్లలో 15. ఫర్వాలేదు. 50 చూపుకు కోస్తే ఏడున్నరే మిగులుతాయి. తెర మీద చూడ్డానికి చాలు, గోడకు పెద్దగా అచ్చువేసుకోవడానికి చాలదు.

లెన్స్ మార్చే ఆలోచనే లేనివాళ్లు అసలు లెన్స్ ఊడని కెమెరా గురించి ఆలోచించవచ్చు. రీకో జీఆర్ 3 (28కి సమానం, ఎఫ్/2.8) బ్యాటరీ, కార్డుతో కలిపి 257 గ్రాములు, ఫూజీ ఎక్స్100వీఐ (35కు సమానం, ఎఫ్/2) 521. మొదటిది చొక్కా జేబులో పడుతుంది. దానికి వ్యూఫైండర్ (కన్ను ఆనించి చూసే కిటికీ) లేదు, ఎండలో తెర చూడ్డం కష్టం. రెండోదానికి ఉంది.

ఇంట్లో జూమ్ ఇప్పటికే ఉన్నవాళ్లు ఏదీ కొనకముందు చేయగలిగిన పరీక్ష ఒకటుంది. జూమ్ రింగును 35 దగ్గర పెట్టి, కదలకుండా టేపు చుట్టి, ఒక రోజంతా ఏదైనా రద్దీ వీధిలో తిరగాలి. ఆ రాత్రి ఫొటోలు చూసుకునేటప్పుడు తీయలేక వదిలేసినవి గుర్తుచేసుకోవాలి. ఎన్నిసార్లు వెనక్కి జరగాల్సి వచ్చింది, ఎన్నిసార్లు ఇంకా ముందుకు వెళ్లాలనిపించి ఆగిపోయారు? వెనక్కి జరిగినవి ఎక్కువైతే 28 వైపు చూడాలి. ముందుకు వెళ్లబోయి ఆగినవి ఎక్కువైతే 40, లేదంటే 50. రెండూ సమానంగా ఉంటే ఆ టేపు చుట్టిన అంకెనే కొనుక్కోవచ్చు.